బడి తోటలో కాసింది పిల్లల కంచంలోకి చేరాలంటే

మధ్యాహ్న భోజన పథకం లెక్క ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఒక్కొక్కరికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 75 గ్రాములు పెట్టాలి. చిన్నవాళ్లకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. పెద్దవాళ్లకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు. బియ్యం ప్రభుత్వం నుంచే వస్తుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కూరగాయల దగ్గరే చిక్కంతా. పప్పు, నూనె, కూరగాయలు, పోపు సామాను, గ్యాస్ అన్నిటికీ కలిపి 2025 మే నుంచి కేంద్రం ఖరారు చేసిన ఖర్చు ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత తరగతుల్లో 10 రూపాయల 17 పైసలు. గుడ్డు లాంటి వాటికి రాష్ట్రాలు వేరే డబ్బు కలుపుకుంటాయి. అయినా టమాటా ధర పెరిగిన వారం సాంబారు పల్చబడుతుంది. ఆకుకూర కట్ట ఇరవై రూపాయలైతే ఆకుకూర పప్పు కాస్తా ఉత్త పప్పవుతుంది. సర్దుబాటు చేయాలంటే వంట చేసే అక్కల చేతిలో ఉన్న వెసులుబాటు కూరగాయలొక్కటే.

2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ ప్రతి బడిలోనూ పోషకాహార తోట ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఖాళీ స్థలం లేకపోతే కుండీల్లో, డబ్బాల్లో, మిద్దె మీదైనా పెంచమంది. ఆ తరువాత తెలుగు రాష్ట్రాల్లో చాలా బడుల్లో తోటలు మొదలయ్యాయి. కొన్ని నిలిచాయి. చాలా తోటలు మొదటి ఎండాకాలం సెలవులకే ఎండిపోయాయి. ఎందుకిలా అవుతుందో ఆలోచిస్తే, నీళ్లు లేకపోవడం, కంచె లేకపోవడం కంటే ముందు ఇంకో లోపం కనిపిస్తుంది. తోట ఎందుకు పెడుతున్నామన్న విషయంలోనే స్పష్టత లేదు.

తోటంటే కూరగాయల ఖర్చు తగ్గించే మార్గం అని కొందరు అనుకుంటారు. ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. వంద మంది చిన్నపిల్లలున్న బడికి రోజుకు ఐదు కిలోల కూరగాయలు కావాలి. నెలకు 22 పనిదినాలనుకుంటే 110 కిలోలు. బడి వెనక ఒక సెంటు జాగా ఉందనుకుందాం. అంటే సుమారు 40 చదరపు మీటర్లు. నడిచే దారులు, గట్లు పోగా మడులకు మిగిలేది 25, 30 మీటర్లు. తోటకూర విత్తితే 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. మీటరుకు కిలో చొప్పున వచ్చిందనుకున్నా నెలకు 25, 30 కిలోలు. అంటే అన్నీ సవ్యంగా జరిగిన నెలలో కూడా అవసరంలో నాలుగో వంతు. పురుగు పడినా, వాన ఎక్కువైనా అదీ రాదు. బెండ, వంగ లాంటివి పెడితే మొదటి కోతకు నెలన్నర, రెండు నెలలు ఆగాలి.

నాలుగో వంతు తక్కువేం కాదు. వారానికి ఒకటి రెండు రోజులు తాజా ఆకుకూర పప్పుకు అది సరిపోతుంది. కానీ బజారు కూరగాయలు మానేసి తోట మీదే బతకొచ్చనుకుంటే నిరాశ తప్పదు. ఆ నిరాశ వచ్చిన రోజే హెడ్మాస్టరుకు తోట మీద ఆసక్తి పోతుంది. సెంటు నేల ఇవ్వగలిగిన అసలు ఫలితం వేరే ఉంది. తోటకూర అంటేనే ముఖం తిప్పుకునే పిల్లవాడు అదే కూరను అడిగి వేయించుకోవడం.

ఇది తోట పెట్టగానే జరిగిపోతుందా అంటే, జరగదు. ఈ విషయంలో వేర్వేరు దేశాల అధ్యయనాలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. లండన్ ప్రాథమిక పాఠశాలల్లో జరిగిన పరిశీలన ఫలితాలు 2014లో వచ్చాయి. తోట పని చేయించినంత మాత్రాన పిల్లలు తినే పండ్లు, కూరగాయలు పెరిగాయని చెప్పడానికి పెద్దగా ఆధారం దొరకలేదు. బడి మొత్తం తోటను తన సొంతం చేసుకుని, చదువులో, భోజనంలో కలుపుకున్న చోట మాత్రం తేడా కనిపించింది. నేపాల్‌లో ప్రపంచ కూరగాయల కేంద్రం బడి తోటల మీద పని చేసింది. మొదటి విడతలో పిల్లలకు కూరగాయల గురించి తెలిసింది, ఇష్టమని కూడా చెప్పారు. తినడం మాత్రం పెరగలేదు. తరువాతి విడతలో బడి తోటతో పాటు ఇంటి పెరట్లోనూ తోట వేయించి, తల్లులకు శిక్షణ ఇచ్చారు. అప్పుడు తినడం పెరిగింది. అమెరికాలోని టెక్సస్‌లో 16 పాఠశాలల్లో చేసిన ప్రయోగంలో తోట, పాఠాలు, వంట, తల్లిదండ్రులకు తరగతులు అన్నీ కలిపారు. కూరగాయలు తినడం పెరిగింది. పిల్లల బరువులో, రక్తపోటులో మాత్రం మార్పు రాలేదు.

వీటిని దగ్గర పెట్టుకుని చూస్తే మన దగ్గర తోటలు ఎక్కడ ఆగిపోతున్నాయో అర్థమవుతుంది. తోట ఒక మూల, వంటగది ఒక మూల, ఇల్లు ఎక్కడో ఉన్నాయి. మూడింటికీ మధ్య దారి లేదు. సైన్సు మాస్టారు తోట చూస్తారు, వంట ఏజెన్సీ వంట చూస్తుంది, అమ్మకు ఈ రెండూ తెలియవు. తోటలో కాసిన నాలుగు కిలోల వంకాయలు ఎప్పుడు కోసి వంటగదికి ఇవ్వాలో ఎవరూ అనుకోరు. చివరికి ముదిరిపోతాయి, లేదా సాయంత్రం ఎవరో ఇంటికి పట్టుకుపోతారు.

కొత్త రుచి పిల్లలకు ఎలా అలవాటవుతుందన్నది ఇక్కడ తెలుసుకోవాలి. ఒకసారి పెట్టి ‘తినలేదు’ అని వదిలేస్తే ఆ కూర ఎప్పటికీ అలవాటు కాదు. బలవంతం లేకుండా కొంచెం కొంచెంగా ఎనిమిది, పది సార్లు ఎదురైతే చాలామంది పిల్లలు ఒప్పుకుంటారు. ఎదురవడమంటే నోట్లో పెట్టుకోవడం ఒక్కటే కాదు. చూడడం, తాకడం, వాసన చూడడం, తుంచడం, కడగడం కూడా అందులో భాగమే. కాకరకాయను కంచంలో తొలిసారి చూసిన పిల్లవాడికి అది చేదు ముక్క. పందిరి మీద పసుపు పువ్వు దగ్గర నుంచి, పిందె, కాయ, పండి పగిలి ఎర్రగా కనిపించే గింజ దాకా చూసినవాడికి అది తెలిసిన కాయ. తెలిసినదాన్ని ఒక ముక్క నమలడానికి భయం ఉండదు. తోట చేసే మేలు అదే. అయితే ఆ ముక్క నమిలే అవకాశం వంటగదిలో ఇవ్వాలి.

గోంగూర రోజు ఏం చేయొచ్చో చూద్దాం. తెలంగాణలో పుంటికూర అంటారు. పొద్దున పదింటికి నాలుగో తరగతి పిల్లలు తోటలోంచి కొమ్మలు కోసుకొస్తారు. ముందు కాడలతో సహా తూకం. తరువాత ఆకు తుంచుతారు. ఇంకోసారి తూకం. ఆకు ఎంత, కాడ ఎంత, వందకు ఎంత శాతం పోయింది, ఇదంతా నోట్‌బుక్‌లో రాస్తారు. మట్టి పోయేదాకా మూడు నీళ్లలో కడుగుతారు. ఆకు కింది వైపు పురుగు గుడ్లు కనిపిస్తే ఆ రోజు సైన్సు పాఠం అదే. ఉడికాక గిన్నెలో కూర ఎంతకు తగ్గిందో చూసి ఆశ్చర్యపోతారు, నీరు ఎంత ఉందో అక్కడ తెలుస్తుంది. పొయ్యి దగ్గరికి, కత్తిపీట దగ్గరికి చిన్నపిల్లల్ని పోనివ్వకూడదు. కానీ తుంచడం, కడగడం, ఒలవడం, వడ్డించడం, ఉప్పు సరిపోయిందా అని రుచి చూడడం వాళ్లు చేయగలరు. వంట చేసే అక్క ఆ గంట సేపు టీచరవుతుంది. పోపులో ఎండుమిర్చి ఎప్పుడు వేయాలో, ఆకు ఎందుకు ఎక్కువసేపు ఉడికించకూడదో ఆమెకు తెలిసినంత పుస్తకంలో ఉండదు.

పోషకాహారం గురించి చెప్పేటప్పుడు నిజమే చెప్పాలి. ఆకుకూరలో ఐరన్ ఉంటుందని పాఠాల్లో ఉంది. కానీ మొక్కల నుంచి వచ్చే ఐరన్‌ను ఒళ్లు చాలా తక్కువగా తీసుకుంటుంది. పక్కన విటమిన్ సి ఉంటే ఎక్కువ తీసుకుంటుంది. అందుకే ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం మంచి అలవాటు. విటమిన్ సి వేడికి పోతుంది కాబట్టి పప్పు దించాకే పిండాలి. తోట పక్కన ఒక నిమ్మ చెట్టు, ఒక ఉసిరి చెట్టు ఉంటే ఈ పాఠం పదేళ్లు నడుస్తుంది. మునగ ఆకులో వంద గ్రాములకు సుమారు మూడు వందల మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాల కంటే ఎక్కువే. పైగా మునగ చెట్టుకు నీళ్లు తక్కువ చాలు, ఏడాది పొడుగునా ఆకు ఇస్తుంది. మన ఇళ్లలో కాయలు కోసుకుని ఆకు వదిలేస్తున్నాం.

అలాగని తోట వల్ల రక్తహీనత పోతుందని చెప్పకూడదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంత పెద్ద సమస్యకు వారం వారం ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్రలు, నులిపురుగుల మందు, గుడ్డు, పప్పు అన్నీ కావాలి. ఆ మాత్రలు ఎందుకు మింగాలో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి తోట మంచి చోటు. తోటకు మందు స్థాయి కట్టబెడితే రేపు ఫలితం రాలేదని తోటనే ఎత్తేస్తారు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల భోజనానికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు తినమంది. అందులో బంగాళాదుంప కలపలేదు. బడిలో పెట్టే 50, 75 గ్రాములను దీని పక్కన పెట్టి చూస్తే మిగతాదంతా ఇంట్లో తినాల్సిందే. చాలా ఇళ్లలో పొద్దున టిఫిన్‌లో కూరగాయ ఉండదు, రాత్రి కూర ఒక గరిటె. అందుకే బడి దగ్గర మొదలైన అలవాటు ఇంటికి చేరకపోతే లాభం లేదు. దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు. తోటలో ముదిరిన చిక్కుడు, బెండ, గోంగూర విత్తనాలను పిల్లలే ఎండబెట్టి, పొట్లాలు కట్టి ఇంటికి తీసుకెళ్లొచ్చు. గిన్నెలు కడిగే నీళ్లు పోయే చోట ఒక బచ్చలి తీగ, ఒక బొప్పాయి చాలు. బడి కమిటీ సమావేశం రోజు తల్లులకు తోట చూపించి, ఆ రోజు భోజనం వాళ్లకూ పెడితే, ఏ ఉపన్యాసం అక్కర్లేదు. తల్లుల దగ్గర నేర్చుకోవాల్సింది కూడా చాలా ఉంది. పొన్నగంటి, గంగవాయిలి, చెంచలి, తుమ్మికూర లాంటివి విత్తకుండానే పొలం గట్ల మీద వస్తాయి. వాటిని గుర్తుపట్టగలిగేది ఊళ్లో పెద్దావిడలే. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాల విత్తనాలతో పాటు ఇలాంటి ఆకుకూరల జ్ఞానాన్నీ కాపాడుకుంటూ వచ్చాయి. ఆ సంస్థ మాచనూరులో నడిపిన పచ్చసాలె అనే బడిలో మామూలు చదువుతో పాటు వ్యవసాయం, చేతి పనులు కూడా నేర్పారు.

తోట పని అనగానే తల్లిదండ్రుల నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది. ‘పొలం పని తప్పించుకోవాలనే కదా బడికి పంపేది, అక్కడా మట్టి పనేనా’ అంటారు. దీన్ని చాదస్తమని కొట్టిపారేయడం తప్పు. తరతరాలుగా కూలి చేసిన కుటుంబం అడిగే ప్రశ్న ఇది. బడుల్లో ఊడవడం, మరుగుదొడ్లు కడగడం దళిత పిల్లల చేత, ఆడపిల్లల చేత చేయించిన సంఘటనలు ఎన్నిసార్లు వార్తల్లోకి రాలేదు? తోట పని కూడా అదే దారిలో పోతే అది చదువు కాదు, దోపిడీ. మార్కులు తక్కువ వచ్చినవాళ్లను, అల్లరి చేసినవాళ్లను శిక్షగా కలుపు తీయమని పంపితే ఆ బడిలో తోట లేకపోవడమే మేలు. క్లాసులో ప్రతి ఒక్కరికీ వంతు ఉండాలి. మగపిల్లలు ఆకు తుంచాలి, వడ్డించాలి. ఆడపిల్లలు పలుగు, పార పట్టాలి. టీచర్ చేతికీ మట్టి అంటాలి.

చరిత్రలో దీనికి సంబంధించిన పాఠం ఒకటుంది. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్‌ను ముందుకు తెచ్చారు, జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్యప్రణాళిక తయారుచేసింది. చేతి పని ద్వారా చదువు అనే ఆలోచన ఇప్పటికీ గొప్పదే. కానీ పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు వెళ్లాలన్న భాగం దగ్గర అప్పుడే విమర్శ వచ్చింది. సంపాదన లెక్క మొదలయ్యాక పిల్లవాడు ఏం నేర్చుకున్నాడన్నది వెనక్కిపోయి ఎంత నూలు వడికాడన్నది ముందుకొస్తుంది. బడి తోటను కిలోల్లో కొలవడం మొదలుపెట్టినా అదే జరుగుతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి వాళ్ల దగ్గర నేర్చుకునే వీలు కల్పించమంది. తోటకు, వంటగదికి ఆ పది రోజుల్లో చోటు ఇవ్వడానికి కొత్త ఉత్తర్వు అక్కర్లేదు.

జపాన్ ఈ విషయంలో మనకంటే ముందుంది. అక్కడ బడి భోజన చట్టం 1954 నాటిది. 2005లో ఆహార విద్యకే ఒక చట్టం తెచ్చారు. అదే ఏడాది నుంచి బడుల్లో పోషకాహార ఉపాధ్యాయుల వ్యవస్థ మొదలైంది. పిల్లలే తెల్ల కోట్లు, టోపీలు వేసుకుని తోటివాళ్లకు వడ్డిస్తారు, తిన్నాక శుభ్రం చేస్తారు. భోజన సమయం అక్కడ చదువులో భాగం. మన దగ్గర అది విరామం. అమెరికాలోని బర్క్లీలో హోటల్ నడిపే ఆలిస్ వాటర్స్ 1995లో ఒక మిడిల్ స్కూల్లో ఎకరం నేలలో మొదలుపెట్టిన తోట, పక్కనే వంటగది తరగతి కూడా బాగా పేరు పొందాయి. అక్కడి డబ్బు, సిబ్బంది మనకు రావు. వంటగదిని తరగతి గదిగా చూడడానికి మాత్రం డబ్బు అవసరం లేదు.

తోట నిలబడాలంటే కాలం తెలుసుకుని పని చేయాలి. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, అప్పుడే తొలకరి. మడులు సిద్ధంగా ఉంటే తోటకూర, పాలకూర, గోంగూర జులైలోనే వంటకు వస్తాయి. బెండ, గోరుచిక్కుడు ఆగస్టుకు. పాదు చిక్కుడు జులైలో పెడితే చలికాలమంతా కాస్తుంది. దసరా, సంక్రాంతి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లను ముందే అనుకోవాలి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా ఎండాకాలం సెలవుల్లో మడులను కాపాడాలని తంటాలు పడక్కర్లేదు. విత్తనం తీసి, ఎండుటాకు కప్పి నేలకు విశ్రాంతి ఇవ్వొచ్చు. ఆ రెండు నెలలు తట్టుకునేవి మునగ, కరివేపాకు, చింత, ఉసిరి, నిమ్మ. అందుకే తోటలో సగం చోటు ఇలాంటి చెట్లకు ఇవ్వడం తెలివైన పని. ఇప్పుడు చాలా చోట్ల ఒక్క రోజులో పూల కుండీలు, క్యాబేజీ నారు తెచ్చి పెట్టి ఫొటో దిగుతున్నారు. అది ఎవరికీ పనికిరాదు.

నీళ్లకు ఉన్నంతలో మంచి వనరు పిల్లలు చేతులు, కంచాలు కడిగే నీళ్లే. వంద మంది కడిగితే రోజూ కొన్ని వందల లీటర్లు పోతాయి. వాటిని కాలువ తీసి అరటికి, బొప్పాయికి, మునగకు మళ్లించాలి. ఆకుకూర మడులకు మాత్రం ఆ నీళ్లు వద్దు, మంచి నీళ్లే పోయాలి. ఎరువుకు జీవామృతం పిల్లలు సులువుగా చేయగలరు. ఇరవై లీటర్ల బకెట్ నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు ఆవు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది మట్టి పిడికెడు. నీడలో పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో కలిపితే రెండు రోజుల్లో తయారు. మొదలు దగ్గర పోయాలి, కోయబోయే ఆకు మీద చల్లకూడదు. తరువాత సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం నడుస్తోంది, చాలా ఊళ్లలో దాని సిబ్బంది ఉన్నారు. నెలకోసారి బడికి వచ్చి గంట సేపు చూసి వెళ్లమంటే కాదనరు. మేకలకు ముళ్లకంచె చాలు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో కాయలు, పండ్లు దక్కించుకోవడం చాలా కష్టం. అక్కడ గోంగూర, పసుపు, అల్లం, మునగాకు, చామ లాంటివి ఎంచుకోవడం నయం.

ఇదంతా గేటు లోపలి సంగతి. గేటు బయట చిప్స్, రంగు జ్యూస్ పాకెట్లు ఉంటాయి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల్లో ఉంది. 2025లో సీబీఎస్‌ఈ తన పాఠశాలల్లో చక్కెర ఎంత తినొచ్చో, దేనిలో ఎంత ఉందో చెప్పే చక్కెర బోర్డులు పెట్టమంది. అమలు ఎంతవరకన్నది ఏ బడి ముందు నిలబడి చూసినా తెలుస్తుంది. పాకెట్ వెనక రాసింది చదవడం, అందులోని చక్కెర గ్రాములను చెంచాల్లోకి మార్చి గ్లాసులో పోసి చూడడం ఏడో తరగతి పిల్లలు అరగంటలో చేయగల పని. తోట ఉన్న బడిలో ఈ పాఠం ఇంకా బాగా ఎక్కుతుంది. పోల్చి చూసుకోవడానికి వాళ్ల చేత్తో పెంచినది పక్కనే ఉంటుంది.

తోట నడిపే టీచర్ బదిలీ అయితే తోట ఆగిపోవడం మామూలైపోయింది. బాధ్యత ఒక్కరి మీద ఉంచకుండా టీచర్, వంట చేసే అక్క, బడి కమిటీలో ఒక తల్లి, ముగ్గురి పేర్లూ రిజిస్టర్‌లో ఉండాలి. వంట వాళ్లకు పథకం కింద కేంద్రం ఖరారు చేసిన గౌరవ వేతనం నెలకు వెయ్యి రూపాయలే, ఏడాదికి పది నెలలకే. తెలుగు రాష్ట్రాలు కలిపినా మూడు వేల దగ్గరే ఉంది. ఆ డబ్బుకు వంటతో పాటు పాఠం కూడా చెప్పమనడం న్యాయం కాదు. తోట, ఆహార విద్య నిజంగా కావాలనుకుంటే ముందుగా పెంచాల్సింది వాళ్ల వేతనం.

పైఅధికారులు ఇప్పుడు తోట ఫొటోలు యాప్‌లో ఎక్కించమని అడుగుతున్నారు. అడగాల్సింది భోజనం అయ్యాక బకెట్‌లో మిగిలిన ఎంగిలి ఎంత అని. వంటగదిలో ఒక కొక్కెం త్రాసు వేలాడదీస్తే చాలు. ఆకుకూర పప్పు పెట్టిన రోజు ఎంత పారేశారు, బడి తోటలో కోసిన ఆకుతో చేసిన రోజు ఎంత, పిల్లలే ఆకు తుంచి వడ్డించిన రోజు ఎంత అని పిల్లలే తూచి, గోడ మీద చార్టులో రాసుకోవచ్చు. మూడు నెలల చార్టు చూస్తే ఆ బడిలో తోట పని చేస్తోందో లేదో తెలిసిపోతుంది, దేన్ని మార్చుకోవాలో కూడా.